తప్పులను చదువు యంత్రము

52లో నుండి 27 తీసివేయుమని లెక్క ఇచ్చినప్పుడు 35 అని వ్రాసి తెచ్చు బాలుడు ప్రతి బడిలోను ఒక్కడైన నుండును. ఉపాధ్యాయుడు దానిమీద ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసి, “జాగ్రత్తగా చేయరా” అని మందలించి, పుస్తకము తిరిగి ఇచ్చును. నిజమునకు ఆ బాలుడు అజాగ్రత్తగా చేయలేదు; మిక్కిలి జాగ్రత్తగా, ఒక నియమమును పట్టుకొని, తప్పు చేసినాడు. ఒకట్ల స్థానములో 2లో నుండి 7 పోదు గనుక, పెద్ద అంకెలో నుండి చిన్న అంకెను తీయుటయే తీసివేతయని నమ్మి, 7లో నుండి 2 తీసి 5 వ్రాసినాడు. పదుల స్థానమున 5లో నుండి 2 తీసి 3 వ్రాసినాడు. అతని ప్రక్కన కూర్చున్న బాలికయు 35 అనియే వ్రాసియుండవచ్చును. కాని ఆమె నడచిన త్రోవ వేఱు. ఆమె పదుల స్థానము నుండి అప్పు తెచ్చి, 12లో నుండి 7 తీసి 5 సరిగానే రాబట్టినది. తెచ్చిన అప్పును పదులలో తగ్గించుట మాత్రము మఱచినది. సమాధానమొక్కటే, కారణములు రెండు. ఆ యిద్దఱికిని 53లో నుండి 27 తీయుమని మఱియొక లెక్క ఇచ్చినచో బాలుడు 34 అనియు, బాలిక 36 అనియు వ్రాయుదురు. అంతవఱకు ఒక్కటిగా కనబడిన దోషములు అప్పుడు విడివడి బయటపడును.

ఈ సంగతిని శాస్త్రీయముగా పరిశీలించినవారిలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను అమెరికా పరిశోధకులు ముఖ్యులు. పిల్లలు తీసివేతలలో చేయు తప్పులు పెక్కు యాదృచ్ఛికములు కావనియు, ఏదో ఒక వక్రనియమమును పొల్లుపోకుండ పాటించుటవలననే అవి కలుగుచున్నవనియు వీరు 1978లో ప్రకటించిన వ్యాసములో నిరూపించి, అట్టి నియమములను అనుకరించు ‘బగ్గీ’ అను కంప్యూటరు కార్యక్రమమును గూడ నిర్మించిరి. అది దోషముగల విద్యార్థివలె నటించుచు తప్పు సమాధానములు చెప్పుచుండగా, ఉపాధ్యాయ శిక్షణ పొందువారు కొత్త లెక్కలు వేసి ఆ దోషమేదో కనిపెట్టవలెను. యంత్రము శిష్యుడుగను, మనుష్యుడు గురువుగను ఉన్న ఈ ఏర్పాటులో ఒక సత్యము ఇమిడియున్నది: సరియైన సమాధానము పిల్లవానిని గూర్చి చెప్పుదాని కంటె, తప్పు సమాధానము చెప్పునది ఎక్కువ. నలుబదిమంది పిల్లలున్న తరగతిలో నలువదైదు నిమిషముల గంటలో ఒక్కొక్క తప్పునకు వెనుకనున్న ఆలోచనను చదువుటకు ఏ ఉపాధ్యాయునికిని తీరిక చాలదు. నేడు మన తరగతులలో ప్రవేశించిన ట్యాబను గాజుఫలకము ఆ పని చేయగలదా, చేయుచున్నదా యనునదియే నా దృష్టిలో అసలు ప్రశ్న. బొమ్మలు కదలించుట, పద్యమునకు రాగము చేర్చుట, గుండెకాయను మూడు కొలతలలో త్రిప్పి చూపుట మున్నగునవి దానికి చిల్లరవిద్యలు.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబుల పంపకము ప్రారంభించినది. ఆ విడత సుమారు 4 లక్షల 60 వేలమంది విద్యార్థులకును, 59 వేలమంది ఉపాధ్యాయులకును, పాఠముల వీడియోలు ముందుగనే నింపిన ట్యాబులు ఉద్దేశింపబడినవి. మఱుసటి యేడు అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ విడత మొదలైనది. ఆ కాలముననే హైస్కూళ్ల గోడలకు వ్రేలితో తాకి వ్రాయదగిన ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, చిన్న బడులకు స్మార్ట్ టీవీలు వచ్చినవి. ఈ పంపకములను గూర్చిన రాజకీయ వాదములను అందుకు తగినవారికి విడిచిపెట్టుదము. ఇంత పెద్ద సంఖ్యలో యంత్రములు పిల్లల చేతికి వచ్చినప్పుడు, వానివలన ఏమి జరుగగలదో, ఏమి జరుగనేరదో, ఎందులకో తెలిసికొనుట విజ్ఞానశాస్త్రమునకు సంబంధించిన పని.

కొత్త యంత్రము కనిపెట్టబడినప్పుడెల్ల దానిని బడిలో నిలిపి, ఇక విద్యాసమస్య తీరినదని ప్రకటించుట ఆధునికులకు పరిపాటి. చలనచిత్రములు రాగానే థామస్ ఎడిసన్ 1913లో ఒక పత్రికతో మాటలాడుచు, పాఠశాలలలో పుస్తకములకు త్వరలోనే కాలము చెల్లుననెను. పుస్తకములు నేటికిని ఉన్నవి. ఎడిసన్ నిర్మించిన యంత్రములు వస్తుప్రదర్శనశాలలలో ఉన్నవి. మన దేశములో 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికా అంతరిక్ష సంస్థ ఎరవిచ్చిన ఏటీఎస్-6 అను ఉపగ్రహము సహాయమున, ఆంధ్రప్రదేశ్‌తో గూడి ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు విద్యాకార్యక్రమములు ప్రసారమైనవి. విద్యుద్దీపమైనను సరిగా వెలుగని పల్లెలలో పిల్లలు గుంపుగా కూర్చుండి తెలుగులో టెలివిజను పాఠములు చూచిరి. అది ఇంజనీర్ల దృష్టితో మహత్తరమైన సాఫల్యము. నేటి మన ఉపగ్రహ ప్రసారములకు అదియే పునాది. సంవత్సరము నిండగానే ఉపగ్రహమును అమెరికావారు వెనుకకు జరుపుకొనిరి. పిదప 1984లో ‘క్లాస్’ అను పథకము క్రింద బ్రిటనునుండి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు కొన్ని ఎంపిక చేసిన బడులకు చేరినవి. 2011 అక్టోబరు 5న, ప్రపంచములోనే అగ్గువయైన ట్యాబని పేర్కొనుచు ‘ఆకాశ్’ను ఢిల్లీలో ఆవిష్కరించిరి, ప్రభుత్వము దానిని కొన్నది 2,300 రూపాయలకు లోపు వెలకే. దాని కూర్పు జరిగినది మన హైదరాబాదులో. కొద్ది యేండ్లలోనే అది మఱపున పడినది.

ఆకాశ్ ఎందులకు విసుగు పుట్టించినదో తెలిసికొన్నచో నేటి ట్యాబు ఎట్లు పని చేయునో తెలియును గనుక, ఇచ్చట కొంచెము ఆగుట మంచిది. ఆకాశ్ తెరయందు సన్నని ఎడముతో రెండు విద్యుద్వాహక పొరలు ఉండెడివి. వ్రేలితో నొక్కినప్పుడు పైపొర వంగి క్రిందిపొరను తాకును. తాకిన చోటును బట్టి విద్యుత్పీడనము మాఱును. ఆ మార్పునుండి యంత్రము స్థానమును లెక్కించును. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ. గోరుతో నొక్కినను, పెన్సిలు మొనతో నొక్కినను పలుకును. కాని గట్టిగా నొక్కవలెను, రెండు వ్రేళ్లు ఒక్కసారి పెట్టిన తబ్బిబ్బు పడును, పైపొర త్వరగా అరుగును. నేటి ట్యాబు తెర వంగదు, వంగవలసిన పనియు లేదు. దాని గాజు అడుగున ఇండియం టిన్ ఆక్సైడు వంటి పారదర్శకమైన వాహక పదార్థముతో అడ్డముగను నిలువుగను గీతల వల అల్లియుండును. ఒక వరుస గీతలకు స్వల్పమైన విద్యుత్స్పందములు పంపుచుండగా, అవి దాటుచోట రెండవ వరుసలో కొంత ఆవేశము నిలుచును. మానవశరీరము ఉప్పునీటితో నిండిన వాహకము. వ్రేలు సమీపించగానే ఆ ఆవేశములో కొంత దానివైపునకు మళ్లును. ఏయే కూడళ్లలో ఎంతెంత తగ్గినదో సెకనుకు అనేక పర్యాయములు కొలిచి, ఆ తగ్గుదలల సగటు కేంద్రమును గణించి, వ్రేలు ఎచ్చట ఉన్నదో ట్యాబు నిర్ణయించును. గీతల నడుమ ఎడము కొన్ని మిల్లీమీటర్లున్నను, ఈ గణితమువలన అంతకంటె సూక్ష్మముగా స్థానము తెలియును. గోటికి అది పలుకదు, తడిచేతికి గందరగోళపడును. ఈ సూత్రమును 1965లోనే బ్రిటనుకు చెందిన ఇ. ఏ. జాన్సన్ విమానయాన నియంత్రణమునకై ప్రతిపాదించినాడు. బడిపిల్లల చేతికి తాకుతెరను అందించినవారు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో ‘ప్లేటో’ అను బోధనా కంప్యూటరును నిర్మించినవారు. 1972 నాటి వారి తెరకు అంచుల వెంట పరారుణ కిరణముల జాలరు ఉండెడిది, వ్రేలు ఏ కిరణమునకు అడ్డము వచ్చునో దానిని బట్టి స్థానము తెలిసెడిది.

ఇది యంత్రము వ్రేలిని గుర్తించు విధము. వ్రేలి వెనుకనున్న మనస్సును గుర్తించుట మఱియొక కథ. ఆ కథ ట్యాబుకంటె మిక్కిలి పాతది. హార్వర్డులో మనస్తత్త్వశాస్త్రజ్ఞుడైన బి. ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కుమార్తె చదువు బడికి వెళ్లి లెక్కల తరగతిలో కూర్చుండి చూచినప్పుడు, అందఱు పిల్లలు ఒకే లెక్కలు ఒకే వేగముతో చేయవలసివచ్చుటయు, తాము చేసినది తప్పో ఒప్పో వారికి చాల ఆలస్యముగా తెలియుటయు ఆయనకు వింతగా తోచినవి. మఱుసటి యేడే ఆయన ఒక చిన్న చెక్కపెట్టె యంత్రమును పిట్స్‌బర్గులో ప్రదర్శించెను: ఒక ప్రశ్న కనబడును, పిల్లవాడు సమాధానము కూర్చును, సరియైనదైనచో తరువాతి ప్రశ్న వచ్చును. సమాధానమును పిల్లవాడే కూర్చవలెను గాని ఇచ్చిన నాలుగింటిలో ఒకటి ఏఱుకొనరాదని స్కిన్నర్ పట్టుబట్టెను. ఈ యంత్రమునకు ఒక లోపముండెను. తప్పు జరిగెనని అది చెప్పగలదు. ఏ తప్పు, ఎందువలన అని దానికి తెలియదు.

ఆ లోపమును తీర్చుటకు గణితము అవసరమైనది. డెన్మార్కు గణితజ్ఞుడు గియోర్గ్ రాష్ 1960లో ప్రచురించిన గ్రంథములో పిల్లవాని సామర్థ్యమును, ప్రశ్న కాఠిన్యమును ఒకే కొలబద్దమీద నిలిపెను. రెండును సమానమైనచో పిల్లవాడు సరిగా చెప్పుటకు సగము అవకాశము. సామర్థ్యము ఒక మెట్టు ఎక్కువైన 100కు 73, రెండు మెట్లు ఎక్కువైన 88. వినుటకు ఇది సామాన్యముగా తోచును గాని, దీని ఫలితము గొప్పది. పిల్లవానికి తప్పక వచ్చు ప్రశ్న అడిగినను, ఎన్నటికిని రాని ప్రశ్న అడిగినను, వానిని గూర్చి మనకు క్రొత్తగా తెలియునది శూన్యము; సగము అవకాశమున్న ప్రశ్నయే అత్యధిక సమాచారము నిచ్చును. కావున ఒక సమాధానము అందగానే అంచనా మార్చి, ఆ అంచనాకు తగిన ప్రశ్నను వెదకి తెచ్చు కార్యక్రమము, తరగతి మొత్తమునకు అచ్చొత్తిన ప్రశ్నపత్రము కంటె చాల తక్కువ ప్రశ్నలతో పిల్లవాని స్థాయిని పట్టగలదు. సగము సార్లు ఓడిపోవు ఆటను ఏ పిల్లవాడు ఇష్టపడును? అందువలన బోధించునప్పుడు కొంచెము సులభమైన ప్రశ్నలవైపు మొగ్గుట ఉచితము. ఇది గణితము చెప్పు మాట కాదు, పిల్లలను ఎఱిగినవారు చెప్పు మాట.

1990ల నడుమ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ అనువారు మఱియొక అడుగు ముందునకు వేసిరి. ఒక నైపుణ్యము పిల్లవానికి వచ్చునా రాదా యనునది మనకు కంటికి కనబడదు. సమాధానము మాత్రమే కనబడును. వచ్చినవాడు పొరబడవచ్చును, రానివాడు గ్రుడ్డిగా ఊహించి గెలువవచ్చును. ఈ రెంటిని లెక్కలోనికి తీసికొనుటయే వారి పద్ధతి. ఉదాహరణకు నూఱుగురు పిల్లలలో నలుబదిమందికి ఒక నైపుణ్యము వచ్చుననియు, అరువదిమందికి రాదనియు అనుకొందము. వచ్చినవారు పదింట ఒకసారి పొరబడుదురు. రానివారు నాలుగు ఐచ్ఛికములలో ఒకటి గ్రుడ్డిగా ఎంచి నాలుగింట ఒకసారి గెలుతురు. అప్పుడు వచ్చినవారిలో 36 మంది, రానివారిలో 15 మంది, మొత్తము 51 మంది సరియైన సమాధానము చెప్పుదురు. వీరిలో నిజముగా వచ్చినవారు 36; అనగా 100కు 71. ఒక్క సరియైన సమాధానముతో మన నమ్మకము 40 నుండి 71కి పెరిగినది. తప్పు చెప్పిన 49 మందిలో వచ్చినవారు నలుగురే. అచ్చట నమ్మకము 40 నుండి 8కి పడిపోయినది. చూడుడు, నాలుగు ఐచ్ఛికముల ప్రశ్నకు వచ్చిన ఒప్పు తరువాత ఇంకను సందేహము చాల మిగులును, తప్పు తరువాత మిగులునది కొంచెమే. ట్యాబులోని కార్యక్రమము ప్రతి సమాధానము తరువాతను ఇట్టి లెక్కను మరల మరల వేసికొనుచు, చాలినంత నమ్మకము కలిగినప్పుడు ముందునకు సాగును.

మార్కులు దాచిపెట్టు సంగతులు మఱియు విచిత్రమైనవి. 0.7, 0.23 ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగిన, 23 ఏడుకంటె పెద్దది గనుక 0.23 అనువారు కొందఱు. 0.4, 0.45లలో ఏది పెద్దదని అడిగిన వారే 0.45 అని సరిగా చెప్పుదురు. వేఱు కొందఱు శతాంశములు దశాంశములకంటె చిన్నవని విని, బిందువు తరువాత అంకెలు ఎక్కువైన సంఖ్య చిన్నదని నిశ్చయించుకొనియుందురు. వీరు మొదటి ప్రశ్నకు 0.7 అని ఒప్పుగను, రెండవదానికి 0.4 అని తప్పుగను చెప్పుదురు. ఇరువురికిని రెంటికి ఒక మార్కు. ప్రగతి పత్రములో ఇరువురును ఒక్కటే. కాని మొదటివానికి స్థానవిలువ నేర్పవలెను, రెండవవానికి సగము నేర్చిన స్థానవిలువను పూర్తి చేయవలెను; ఒకనికి చెప్పవలసిన పాఠము రెండవవానికి చెప్పిన వాని తప్పు నమ్మకము మఱింత గట్టిపడవచ్చును. ఇట్టి జంట ప్రశ్నలను ముందుగా ఆలోచించి కూర్చుట యంత్రము తనంతట చేయు పని కాదు. లెక్కలు చెప్పి తలపండిన ఉపాధ్యాయులు పిల్లల నోటుపుస్తకములు వందలకొలది చదివి, ఏ తప్పు ఏ భ్రమనుండి పుట్టునో పట్టిక వ్రాసి ఇచ్చినప్పుడే అది సాధ్యము. మంచి విద్యా కార్యక్రమమునకు, అందమైన విద్యా కార్యక్రమమునకు భేదము ఈ పట్టికలో ఉన్నది. అది కొనుగోలు చేయు అధికారికి తెరమీద కనబడదు.

ఇవన్నియు సిద్ధాంతములు. అనుభవము ఏమి చెప్పుచున్నది? పెరూ దేశము ‘పిల్లవానికొక ల్యాప్‌టాప్’ అను ఉద్యమములో చేరి ఎనిమిది లక్షలకు పైగా చిన్న కంప్యూటర్లు కొని పల్లె పిల్లలకు పంచినది. యంత్రము చేత పెట్టినంత మాత్రమున పిల్లలు తమంతట నేర్చుకొందురని ఆ ఉద్యమమునకు మూలపురుషుడైన నికొలస్ నెగ్రొపాంటె విశ్వాసము. 319 గ్రామీణ పాఠశాలలలో జరిపిన పరిశీలనలో, సుమారు పదునైదు నెలల పిదప, పిల్లలకు ల్యాప్‌టాప్ నడుపుట బాగుగా వచ్చినది. గణితములోను భాషలోను మాత్రము, ల్యాప్‌టాపులు అందని బడుల పిల్లలకంటె వారు మెఱుగైన జాడ కనబడలేదు. ప్రతి యంత్రములోను దాదాపు రెండు వందల పుస్తకములు నింపియుండెననియు మఱువరాదు. పుస్తకములు చేతికందుట వేఱు, చదువుట వేఱు.

మన వడోదరలో జరిగినది ఇందుకు భిన్నము. అచ్చటి పురపాలక బడులకు ప్రభుత్వము ఒక్కొక్కదానికి నాలుగు కంప్యూటర్లు ఇచ్చియుండగా, అవి చాల చోట్ల వాడుకలో లేకుండ పడియుండెను. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అను అర్థశాస్త్రజ్ఞులు, వారి సహచరులు వానినే ఉపయోగించి, నాలుగవ తరగతి పిల్లలను కంప్యూటరునకు ఇద్దఱేసి చొప్పున వారమునకు రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించు ఏర్పాటును పరిశీలించిరి. రెండవ యేట వచ్చిన లాభము 0.47 ప్రామాణిక విచలనములు. అనగా నూఱుగురిలో నట్టనడుమ నున్న పిల్లవాడు క్రిందినుండి 68వ స్థానమునకు ఎగబ్రాకినట్లు. ఆటలు నిలిపివేసిన సంవత్సరమునకు చూడగా ఆ లాభములో మిగిలినది 0.10 మాత్రమే. ఈ రెండవ సంఖ్యను గూడ చెప్పుట నిజాయితీ. ప్రకటనలలో మొదటిది మాత్రమే కనబడుచుండును.

ఢిల్లీ ప్రయోగము నా మనస్సును మఱింత ఆకట్టుకొన్నది. 2015లో కార్తిక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ అను అర్థశాస్త్రజ్ఞులు, ఎక్కువగా ఆరు నుండి తొమ్మిదవ తరగతి వఱకు చదువు 619 మంది ప్రభుత్వ పాఠశాలల పిల్లలలో చీటీలు తీసి కొందఱిని ‘మైండ్‌స్పార్క్’ అను కార్యక్రమము నడచు కేంద్రములకు పంపిరి. మొదట పిల్లల స్థాయి కొలిచి చూడగా, ఆరవ తరగతి పిల్లవాడు సగటున గణితములో రెండున్నర తరగతులు వెనుకబడి యుండెను. ఒకే గదిలోని పిల్లల మధ్య అంతరము ఐదారు తరగతులు. అట్టి గదిలో పాఠ్యపుస్తకము ప్రకారము చెప్పు పాఠము నలుబదిమందికి ఒకే కొలతతో కుట్టించిన యూనిఫారము వంటిది. కేంద్రములలో రోజునకు తొంబది నిమిషములు: సగము కాలము పిల్లవాడు కంప్యూటరు ముందు, తన స్థాయికి తగిన ప్రశ్నలతో, మిగిలిన సగము చిన్న గుంపులో, ఒక సహాయకుని ముందు. నాలుగున్నర నెలలలో గణితమున 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనముల లాభము వచ్చెను. కేంద్రములకు పోని పిల్లలలో అట్టడుగున నున్న మూడవవంతు ఆ కాలమంతయు బడికి పోయియు దాదాపు ఏమియు నేర్చుకొనలేదు; చేరినవారిలో అట్టివారు కూడ ముందునకు కదలిరి. ఆంధ్రప్రదేశ్‌లో సైతము కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో ట్యాబులను ఇంటికి పంపక, ఒక గదిలో ఉంచి, వేళాపట్టికలో దానికి గంటలు కేటాయించి, ఇట్టి పద్ధతినే నడుపుచున్నారు. నోబెల్ బహుమానగ్రహీత మైకేల్ క్రెమర్ బృందము దానిని అధ్యయనము చేసినది.

పెరూలో లేక వడోదరలోను ఢిల్లీలోను ఉన్నదేమి? యంత్రము మంచిదగుట కాదు. ప్రశ్న ఉన్నది, వెంటనే ప్రత్యుత్తరమున్నది, నిర్ణీతమైన వేళ ఉన్నది, ప్రక్కన ఒక పెద్దమనిషి ఉన్నాడు. వీడియో పాఠమును పదిసార్లు చూచినను రాని ఫలము ప్రశ్నవలన ఏల వచ్చునో వివరించు ప్రయోగమొకటి 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కొందఱు ఒక వ్యాసమును రెండుసార్లు చదివిరి. కొందఱు ఒకసారి చదివి, పుస్తకము మూసి, జ్ఞప్తికి వచ్చినది వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత అడిగిన, రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారము తరువాత అడిగిన, వారికి గుర్తున్నది 100కు 42 పాళ్లు. వ్రాసి చూచుకొన్నవారికి 56. జ్ఞాపకమును బయటికి లాగు ప్రయత్నమే దానిని బలపఱచుచున్నది. మన పాతబడులలో ఎక్కములు అప్పజెప్పించిన పంతుళ్లకు ఈ సంగతి ప్రయోగము లేకయే తెలియును; అర్థము చెప్పుటలో వారికి లోపమున్నదేమో గాని, అడుగుటలో లేదు.

చదువుటకు మాత్రము తెర మంచి చోటు కాదనుటకు తగిన సాక్ష్యమున్నది. పాబ్లో డెల్గాడో మున్నగు పరిశోధకులు 2018లో 54 అధ్యయనములను, 1,71,000 మందికి పైగా పాఠకుల ఫలితములను గుదిగ్రుచ్చి చూడగా, అదే విషయమును కాగితముమీద చదివినవారు కొంచెము మేలుగా గ్రహించినట్లు తేలినది. కథల విషయమున ఈ భేదము కనబడలేదు, వివరణాత్మక రచనలలోను, కాలపరిమితి పెట్టినప్పుడును కనబడినది. 2023లో స్వీడన్ ప్రభుత్వము పాఠశాలలలో అచ్చు పుస్తకములు కొనుటకు 68 కోట్ల 50 లక్షల క్రోనర్లు కేటాయించినది. తెరలు తొలుతనే తెచ్చుకొన్న దేశమిది గనుక, ఈ వెనుకడుగును అనాగరికుల భయమని త్రోసిపుచ్చలేము. కంటిచూపును గూర్చి తల్లిదండ్రులు అడుగు ప్రశ్నకు చైనాలోని గ్వాంగ్‌జౌ బడులలో జరిగిన ప్రయోగము కొంత సమాధానము చెప్పుచున్నది: రోజునకు నలుబది నిమిషములు అదనముగా ఆరుబయట గడపిన పిల్లలలో మూడేండ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారు 100కు 30, గడపనివారిలో 39కి మించి. తెరను తిట్టుట కంటె ఆటల గంటను లెక్కల గంటగా మార్చకుండుట మేలు.

మన భాషకు సంబంధించిన చిక్కు వేఱొకటి గలదు. దీనిని గూర్చి తగినంత ఆలోచన జరుగుట లేదని నా అభిప్రాయము. స్కిన్నర్ కోరినట్లు పిల్లవాడే సమాధానము వ్రాయవలెనన్న, తెలుగులో వ్రాయవలెను. యూనికోడు సంకేతములలో తెలుగు 1991 నుండియు ఉన్నది. కాని ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును కూర్చుటకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములు కావలెను. మీటలపై వ్రేళ్లు నిలువని పిల్లవాడు లెక్క ఆలోచించునా, ఒత్తు వెదకునా? వ్రాసినను, ‘భిన్నము’ అను సమాధానమునకు ‘భిన్నం’ అని వ్రాసినవానిని యంత్రము తప్పుపట్టవచ్చును. ఈ బాధ పడలేక కార్యక్రమములు కూర్చువారు నాలుగు ఐచ్ఛికముల ప్రశ్నలను శరణుజొత్తురు. గ్రుడ్డి ఊహకు నాలుగింట ఒక గెలుపు అచ్చటనే పుట్టుచున్నది. నోటితో చెప్పించుదమన్న, శ్రీకాకుళపు పిల్లవాని పలుకుబడి, కరీంనగరపు పిల్లవాని పలుకుబడి, చిత్తూరు పిల్లవాని పలుకుబడి ఒక్కటి కావు. చింతపల్లి వంటి మన్యప్రాంతములలో తెలుగే రెండవ భాషయైన పిల్లలు ఎందఱో కలరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ మున్నగు ఎనిమిది గిరిజన భాషలలో తొలి తరగతుల పుస్తకములు వెలువడినవి. అంతకు ఎంతోముందే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు వారి భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టించిరి. ట్యాబులోని పాఠములకు ఆ త్రోవ ఇంకను తెలియదు. ఆంగ్ల మాధ్యమపు వీడియో క్రింద తెలుగు అక్షరములు పరుగెత్తించిన చాలునను ధోరణి, చెవికొక భాష, కంటికొక భాష, మనస్సునకు మూడవ భాష పెట్టి, నేర్చుకొనవలసిన విషయమునకు చోటు లేకుండ చేయును.

అన్నిటికి మించి ఉపాధ్యాయుడు. పిల్లల తప్పులను యంత్రము ఎంత సూక్ష్మముగా చదివినను, ఆ చదివినది ఉపాధ్యాయునికి చేరనిచో ప్రయోజనము సగమే. పన్నెండుగురు తెచ్చిన అప్పును పదులలో తగ్గించుట మఱచుచున్నారు, అయిదుగురు అసలు అప్పు తేవలెనని ఎఱుగరు, అని ఉదయము బడికి రాగానే ఒక చిన్న చీటీ చేతికందినచో ఆయన ఆనాటి పాఠమును మార్చుకొనును. ఇప్పుడు తఱచుగా ఆయనకు అందునది, ఎన్ని ట్యాబులు తెఱచిరి, ఎన్ని నిమిషములు చూచిరి అను హాజరుపట్టీ. అది పై అధికారులకు పనికివచ్చు సమాచారము. ఛార్జింగు పెట్టుటకు ప్లగ్గులు చాలకపోవుట, తెర పగిలినచో ఎవరు బాగుచేయింతురను ప్రశ్న, ఇంటర్నెట్టు వచ్చి పోవుచుండుట, రెండు మూడేండ్లకు బ్యాటరీ సత్తువ తగ్గుట మొదలగునవి చిన్న విషయములని పట్టణవాసులు తలంతురు గాని, ఒకే టీచరుతో నడచు బడిలో అవియే పథకము ప్రాణమును నిర్ణయించును.

ఢిల్లీ ప్రయోగములో ఒక ఫలితము ఇంకను చెప్పవలసియున్నది. పరిశోధకులు తయారుచేసిన గణిత పరీక్షలో అంత స్పష్టముగా కనబడిన అభివృద్ధి, ఆ పిల్లలకు బడివారు పెట్టిన గణిత పరీక్షలో చెప్పుకోదగినట్లు కనబడలేదు. కారణము తెలియనిది కాదు. ఎనిమిదవ తరగతిలో కూర్చుండి నాలుగవ తరగతి లెక్కలు మాత్రమే వచ్చు పిల్లవాడు కష్టపడి ఆరవ తరగతి స్థాయికి వచ్చినాడనుకొనుడు. ఎనిమిదవ తరగతి ప్రశ్నపత్రమునకు అతడు నిరుడును సున్న, ఈ యేడును సున్న. రెండేండ్ల చదువు నాలుగున్నర నెలలలో నేర్చినవానికి, ఏమియు నేర్వనివానికి భేదము చూపలేని ఆ ప్రశ్నపత్రముతోనే జిల్లాలవారీగా ఉత్తీర్ణతా శాతములు లెక్కించి, ట్యాబులు పనికివచ్చినవో లేదో తేల్చబోవుచున్నారు.